పాత పికప్ బండిలో లేని బెల్టు: తిరిగి ఎలా బిగించుకోవాలి?

మీ ఊరి సంతకు కూరగాయలు తోలే పాత పికప్ బండి ఏదైనా ఉంటే ఒకసారి డ్రైవరు తలుపు తీసి చూడండి. సీటుకు వెనుకవైపు, తలుపు పక్కన ఉండే నిలువు పిల్లరు మీద భుజం ఎత్తులో ఒక బోల్టు, దానికి ఒక కొక్కెం, అందులోంచి కిందికి దిగే నల్లని పట్టీ ఉండాలి. చాలా బండ్లలో ఉండవు. పట్టీ ఎలుకలు కొరికేసి ఉంటాయి. లేదా రంగులు వేయించినప్పుడు విప్పి, మళ్ళీ బిగించకుండా వదిలేసి ఉంటారు. కొన్ని బండ్లలో కొత్త సీటు కవరు కుట్టించినప్పుడు లాకు కవరు కిందకు పోయి, పదేళ్ళుగా అక్కడే ఉంటుంది. గడ్డిమోపు కట్టడానికి తాడు దొరక్క బెల్టు కోసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ బండి నడిపే వ్యక్తి మీ భర్త కావచ్చు, మీ అబ్బాయి కావచ్చు, మీరే కావచ్చు. "సిటీకి పోయేటప్పుడు కదా బెల్టు, మనం పక్క ఊరి దాకే కదా" అని అనుకుంటూ ఉంటారు. ఈ పాఠంలో ఆ బెల్టు ఎందుకు కావాలో కొంచెం, దాన్ని సరిగా ఎలా తిరిగి పెట్టించుకోవాలో ఎక్కువగా తెలుసుకుందాం. ఆరోగ్య పుస్తకంలో మెకానిక్ పని ఏమిటని ఆశ్చర్యపోకండి. తొడ ఎముక విరిగిన తర్వాత మేము చేయగలిగే దానికంటే, విరగకముందు ఒక మెకానిక్ చేయగలిగేది ఎక్కువ.

బెల్టు లేకపోతే శరీరానికి ఏమవుతుంది?

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి చెట్టును గుద్దుకుంటే బండి ఆగుతుంది. లోపల కూర్చున్న మనిషి ఆగడు. అతను అదే వేగంతో ముందుకు పోతూనే ఉంటాడు. ఆ వేగం సుమారు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి కింద పడినవాడి వేగంతో సమానం. చేతులతో స్టీరింగు గట్టిగా పట్టుకుంటే ఆగవచ్చని కొందరి నమ్మకం. మేడ మీద నుంచి పడేటప్పుడు చేతులు నేలకు ఆనించి ఆగగలమా?

మొదట మోకాళ్ళు డాష్‌బోర్డుకు తగులుతాయి. ఆ దెబ్బ తొడ ఎముక గుండా పైకి పోయి తుంటి కీలును వెనక్కి తప్పిస్తుంది. తర్వాత ఛాతీ స్టీరింగుకు గుద్దుకుని పక్కటెముకలు విరుగుతాయి, ఊపిరితిత్తులు నలుగుతాయి, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం చిరిగే ప్రమాదం ఉంది. ఆపైన తల ముందు అద్దానికి తగులుతుంది. తలుపు తెరుచుకుంటే మనిషి బయటికి విసిరివేయబడతాడు. వాహనం బయట పడిన మనిషి బతికే అవకాశం బాగా తక్కువ. 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లాలో కారు నడుపుతూ నందమూరి హరికృష్ణ గారు ప్రమాదంలో మరణించినప్పుడు, ఆయన బెల్టు పెట్టుకోలేదని, కారులోంచి బయటికి విసిరివేయబడ్డారని పోలీసులు చెప్పారు. అది మంచి కారే.

ముందు సీటులో బెల్టు పెట్టుకుంటే మరణించే ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో బెల్టు పెట్టుకోకపోవడం వల్ల 16,715 మంది చనిపోయారు. వారిలో 8,384 మంది డ్రైవర్లు, 8,331 మంది పక్కన, వెనుక కూర్చున్నవారు. అంటే "నేను నడపడం లేదుగా" అనే మాటకు అర్థం లేదన్నమాట.

పాత పికప్‌లో ఈ ప్రమాదం మరికొంత ఎక్కువ. వీటిలో గాలిసంచులు ఉండవు. ముందు బోనెట్ లేని చిన్న బండ్లలో డ్రైవరు మోకాళ్ళకూ ఎదురుగా వచ్చే లారీకీ మధ్య ఉన్నది జానెడు రేకు. నలిగి దెబ్బను మింగడానికి అక్కడ ఏమీ లేదు. కాబట్టి అలాంటి బండిలో మనిషిని పట్టి ఉంచేది ఏదైనా ఉందంటే అది బెల్టు ఒక్కటే.

ముందు చూడవలసింది బెల్టును కాదు

చాలామంది చేసేది ఏమిటంటే, దుకాణానికి పోయి ఒక బెల్టు కొని, క్యాబిన్‌లో ఎక్కడో ఒక చోట రంధ్రం చేసి బిగించేస్తారు. చూడటానికి బాగానే ఉంటుంది, పోలీసుకు కూడా కనిపిస్తుంది. గుద్దుకున్నప్పుడు మాత్రం బోల్టు రేకును చీల్చుకుని బయటికి వచ్చేస్తుంది.

ఎందుకో లెక్క వేసి చూడండి. 60 కిలోల మనిషి 50 కిలోమీటర్ల వేగం నుంచి, బండి నలగడం, బెల్టు కొంచెం సాగడం కలిపి సుమారు 60 సెంటీమీటర్ల దూరంలో ఆగాడనుకుందాం. అప్పుడు బెల్టు మీద పడే లాగుడు సుమారు ఒక టన్ను. మీ బండిలో మీరు వేసే సరుకు బరువు అది. ఆ బరువును ఒక పలుచటి రేకుకు కట్టి వేలాడదీస్తారా? దీని కోసమే తయారీదారులు బెల్టు బిగించే చోట రేకు వెనుక మందమైన ఉక్కు పలకను వెల్డ్ చేసి, అందులో మర చెక్కి ఉంచుతారు. మన దేశంలో ముందు సీట్లకు బెల్టులు 1990ల మధ్య నుంచి తప్పనిసరి. కాబట్టి ఆ తర్వాత తయారైన బండి అయితే ఆ రంధ్రాలు ఇప్పటికీ ఎక్కడో ఉంటాయి. వెతకండి. ఒకటి పిల్లరు మీద భుజం ఎత్తులో, ఒకటి అదే పిల్లరు కింద గడప దగ్గర, ఇంకొకటి సీటుకు లోపలివైపు, గేరు రాడ్డు పక్కన నేల మీదో సీటు చట్రం మీదో. ప్లాస్టిక్ మూతల కింద, రబ్బరు మ్యాటు కింద, పాత రంగు పొరల కింద దాగి ఉంటాయి.

రంధ్రం దొరికితే సగం పని అయినట్టే. మిగతా సగం తుప్పు. గడప దగ్గరి రంధ్రం చుట్టూ స్క్రూడ్రైవరు మొనతో కాస్త గట్టిగా పొడిచి చూడండి. గట్టిగా ఉంటే మంచిది. పొట్టు రాలినా, మొన లోపలికి దిగినా అక్కడ బెల్టు బిగించకూడదు. చేపలు తోలే బండ్ల సంగతి మరీ ప్రత్యేకంగా చెప్పాలి. కరిగిన ఐసు నీళ్ళు, ఉప్పు కలిసి చట్రం మీద, క్యాబిన్ అడుగున కారుతూ ఉంటాయి. కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం వైపు తిరిగే బండ్లను పై నుంచి చూస్తే కొత్తగానే కనిపిస్తాయి, మ్యాటు ఎత్తితే రోడ్డు కనిపిస్తుంది.

తుప్పు పట్టిన చోట పుట్టీ పెట్టి రంగు వేయడం మరమ్మతు కాదు. చెడిన రేకును కోసేసి, సమానమైన మందం గల రేకు వెల్డింగు చేసి, వెనుక మర ఉన్న ఉక్కు పలక పెట్టించాలి. ఇది తెలిసిన టింకరు చేయవలసిన పని. అసలు రంధ్రాలే లేని మరీ పాత బండి అయితే, మీరే డ్రిల్లు పట్టుకోవద్దు. ఆ కంపెనీ సర్వీసు కేంద్రానికి తీసుకుపోయి, ఆ మోడలుకు బెల్టు ఎక్కడ బిగించాలో అడిగి, అక్కడే చేయించండి.

ఏ బెల్టు కొనాలి?

మొదటి మాట: మీ బండి మోడలుకు తయారైన బెల్టు కొనండి. కంపెనీ విడిభాగాల దుకాణంలో మోడలు, తయారైన సంవత్సరం చెబితే ఇస్తారు. బండి కాగితం, వీలైతే పాత బెల్టు మిగిలిన ముక్క వెంట తీసుకుపోండి. కుడి ఎడమలకు వేరువేరుగా ఉంటాయని మరవకండి.

రెండవది పాత సామాను. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల విప్పిన బండ్ల బెల్టులు చవకగా దొరుకుతాయి. ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను: తలుపు, అద్దం, సీటు పాతవి కొనుక్కోండి, బెల్టు మాత్రం కొత్తది కొనండి. విప్పి అమ్మే బండ్లలో చాలా భాగం ప్రమాదానికి గురైనవే. ఒకసారి గుద్దుకున్నప్పుడు మనిషిని ఆపిన బెల్టు నూలు లోపల సాగిపోయి ఉంటుంది. అది రెండవసారి అంతే బలంగా ఆపదు. బయటికి మాత్రం బాగానే కనిపిస్తుంది. కొన్నిసార్లు భుజం దగ్గరి కొక్కెం మీద పట్టీ రాసుకుని కరిగిన గీతలు, పట్టీ అంచు అలలు తిరిగి ఉండటం, నాలుక వంగి ఉండటం గమనించవచ్చు. అలాంటిది ముట్టుకోవద్దు. కొత్త కార్ల బెల్టుల్లో గుద్దుకున్న క్షణంలో బిగించే చిన్న మందుగుండు గొట్టం కూడా ఉంటుంది. దాన్ని విప్పడం, కొట్టడం, వేడి చేయడం ప్రమాదకరం. పికప్‌లో అది పనిచేయదు కూడా.

తెగిన పట్టీని చెప్పులు కుట్టేవారి దగ్గర కుట్టించడం, ట్రాలీకి వాడే పట్టా ముక్కను బెల్టుగా పెట్టడం మన దగ్గర మామూలే. బెల్టు పట్టీ గట్టి పాలిస్టరు నేత. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది దాదాపు 1,500 కిలోల లాగుడుకు తెగకుండా నిలవాలి. సూదితో గుచ్చి కుట్టిన చోట ఆ బలం ఉండదు.

ఇంకొక చిన్న సంగతి. బెల్టులు రెండు రకాలు. ఒకటి చుట్ట ఉన్నది. లాగితే వస్తుంది, వదిలితే లోపలికి చుట్టుకుంటుంది, బండి హఠాత్తుగా ఆగితే పట్టేస్తుంది. రెండవది చుట్ట లేనిది. పొడవు చేత్తోనే సరిచేసుకోవాలి. పాత బండ్లలో చుట్ట లేనివి ఎక్కువ. చుట్టకు పిల్లరులో చోటు లేకపోతే చుట్ట లేనిదే పెట్టించుకోండి, నష్టం లేదు. కాకపోతే మనిషి మారిన ప్రతిసారీ పొడవు సరిచేయాలి. ఛాతీకీ పట్టీకీ మధ్య అరచెయ్యి మాత్రమే దూరాలి. వదులుగా పెట్టుకుంటే మనిషి ముందుకు పోయి, ఆ తర్వాతే బెల్టుకు తగులుతాడు.

బిగించేటప్పుడు

పాత బోల్టు తుప్పుతో పట్టుకుని ఉంటే, తుప్పు వదిలే నూనె పోసి ఒక రాత్రి వదలండి. తొందరపడి సుత్తితో కొడితే మర పోతుంది. బెల్టు బోల్టు మామూలు బోల్టు కాదు. చాలా వాహనాల్లో ఇది అంగుళంలో 16వ వంతు లెక్కన ఏడు వంతుల మందం, అంగుళానికి 20 చుట్ల సన్న మర గల గట్టి ఉక్కు బోల్టు. బెల్టుతో పాటే వస్తుంది. పోయిందని పక్క కొట్టులో దొరికిన మెట్రిక్ బోల్టును బలవంతంగా దూర్చితే రెండు మూడు చుట్లు పట్టి ఆగిపోతుంది, లోపలి మర చెడుతుంది. మొదటి నాలుగైదు చుట్లు చేత్తోనే తిరగాలి. తిరగకపోతే అది ఆ బోల్టు కాదు, లేదా మరలో రంగు, మట్టి ఉన్నాయి.

బోల్టుతో వచ్చే వాషర్లను, చిన్న గొట్టం లాంటి ముక్కను విప్పిన వరుసలోనే పెట్టండి. అవి అలంకారానికి కాదు. బోల్టు పూర్తిగా బిగిసిన తర్వాత కూడా భుజం దగ్గరి కొక్కెం అటూ ఇటూ తిరగగలగాలి. తిరగకపోతే పట్టీ ఒక అంచు మీద లాగబడి చిరుగుతుంది. బిగింపు ఎంత ఉండాలో బండి సర్వీసు పుస్తకంలో ఉంటుంది. మెకానిక్ దగ్గర టార్క్ రెంచి ఉంటే దానితోనే బిగించమనండి.

చుట్ట ఉన్న బెల్టులో ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. చుట్ట లోపల ఒక చిన్న గోళీ ఉంటుంది. బండి హఠాత్తుగా ఆగినా, బాగా ఒరిగినా ఆ గోళీ కదిలి చుట్టను పట్టేస్తుంది. అందుకని చుట్టను తయారీదారు చెప్పిన కోణంలోనే నిలపాలి. వంకరగా బిగిస్తే పట్టీ అసలు బయటికి రాదు, లేదా పట్టవలసినప్పుడు పట్టదు. చేతిలో పట్టుకుని వంచి లాగినప్పుడు రాకపోతే పాడైపోయిందని పారేయకండి, నిలువుగా పట్టుకుని మళ్ళీ చూడండి.

పట్టీ ఎక్కడా మెలి తిరగకూడదు. చివరి బోల్టు బిగించేముందు పై నుంచి కింది దాకా అరచేత్తో రాసుకుంటూ రండి.

పని అయ్యాక పరీక్ష. మెల్లగా లాగితే రావాలి, చటుక్కున లాగితే పట్టాలి, వదిలితే పూర్తిగా లోపలికి పోవాలి. లాకులో నాలుక పెడితే టక్కున శబ్దం రావాలి, గట్టిగా లాగినా ఊడకూడదు, ఎర్ర బొత్తం నొక్కగానే వదలాలి. పాత లాకులో బియ్యపు గింజలు, బీడీ ముక్కలు, వక్కపలుకులు ఇరుక్కుని ఉండటం కొత్త కాదు. లాకు సరిగా పట్టకపోతే దాన్ని కూడా మార్చండి. ఆ తర్వాత ఎవరూ లేని మైదానంలో గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయి బ్రేకు గట్టిగా వేసి చూడండి. చుట్ట పట్టాలి. చివరగా సీటు కవరు కుట్టేవారితో లాకు బయటికి వచ్చేలా గంటు పెట్టించండి. ఇది మరిచిపోతే నెల తిరగకుండా లాకు మళ్ళీ కవరు కిందకు పోతుంది.

ఎలా పెట్టుకోవాలి?

కింది పట్టీ కడుపు మీద కాదు, తుంటి ఎముకల మీద, తొడల మొదట్లో ఉండాలి. పై పట్టీ భుజం మధ్య నుంచి ఛాతీ ఎముక మీదుగా రావాలి. మెడకు రాసుకుంటోందని చంక కిందుగా వేసుకునేవారు ఉన్నారు. గుద్దుకున్నప్పుడు ఆ పట్టీ పక్కటెముకలను విరిచి, వాటి కింద ఉన్న కాలేయాన్ని, ప్లీహాన్ని నలిపేస్తుంది. మెడకు తగలకుండా సీటు కాస్త ముందుకో వెనక్కో జరుపుకోండి.

పాఠకులు అడిగే సందేహాలు

పికప్‌లో ముందు ముగ్గురం కూర్చుంటాం. మధ్యవారికి ఏం చేయాలి?

ముందుగా బండి ఆర్సీలో ఎంతమందికి అనుమతి ఉందో చూడండి. ఇద్దరికే ఉంటే మూడవవారికి ఆ బండిలో చోటు లేదు. ముగ్గురికి ఉంటే మధ్య సీటుకు కూడా బెల్టు రంధ్రాలు ఉంటాయేమో కంపెనీ వారిని అడగండి. ఒకే బెల్టును ఇద్దరికి కలిపి పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. ఇద్దరి తలలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి.

వెనుక తొట్టిలో కూలీలను తీసుకుపోతాం కదా?

అక్కడ ఏ బెల్టూ పనికిరాదు. మిరపకోతకు, నాట్లకు పోయే ఆడవాళ్ళను తొట్టిలో నిలబెట్టి తీసుకుపోయే బండి బోల్తా పడితే ఏమవుతుందో పేపర్లలో మీరు చదువుతూనే ఉన్నారు. ఆటోనో బస్సునో మాట్లాడండి.

పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని బెల్టు పెట్టుకోవచ్చా?

వద్దు. పైన చెప్పిన లెక్కలోనే 10 కిలోల బిడ్డ ఆ క్షణంలో 160 కిలోల బరువుతో ముందుకు పోతుంది. ఏ తల్లి చేతులూ పట్టలేవు. బిడ్డను కూడా కలిపి బెల్టు చుట్టుకుంటే తల్లి బరువు బిడ్డను బెల్టుకు అదిమేస్తుంది. బస్సు ఉన్న చోట బిడ్డతో బస్సులో వెళ్ళండి.

గర్భిణీ స్త్రీలు పెట్టుకోవచ్చా?

తప్పకుండా పెట్టుకోవాలి. కింది పట్టీ పొట్టకు కిందుగా, తుంటి ఎముకల మీద ఉండాలి. పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా పోవాలి. పొట్ట మీదుగా ఏ పట్టీ పోకూడదు.

జరిమానా ఎంత?

2019 సెప్టెంబరు 1 నుంచి అమలైన మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం 1,000 రూపాయలు. 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టు పెట్టకుండా నడిపినా అంతే.

బెల్టును ఎలా శుభ్రం చేయాలి?

గోరువెచ్చని నీళ్ళు, కొంచెం సబ్బు, మెత్తని గుడ్డ చాలు. నీడలో ఆరనివ్వండి. బ్లీచింగు, పెట్రోలు, రంగు వాడకూడదు. బ్యాటరీ ఆమ్లం పడిన పట్టీని మార్చేయాలి. క్యాబిన్‌లో బ్యాటరీ మోసేవాళ్ళు దీన్ని గమనించాలి. సీటు కింద వడ్లు, వేరుశనగలు చిందితే అదే రోజు ఊడ్చేయండి, లేకపోతే కొత్త బెల్టును కూడా ఎలుకలు వదలవు.

ప్రమాదం జరిగింది, బెల్టు వల్ల పైకి ఏ గాయమూ లేదు. ఇంటికి వెళ్ళిపోవచ్చా?

పొట్ట మీద గానీ, ఛాతీ మీద గానీ పట్టీ ఆనవాలుగా ఎర్రటి లేదా నల్లటి చార ఉంటే ఇంటికి వెళ్ళకండి. బెల్టు పొట్ట మీదకు జారి ఉన్నప్పుడు పేగుకు చిల్లు పడవచ్చు, నడుము వెన్నుపూస విరగవచ్చు. పేగు గాయం మొదటి కొన్ని గంటలు నొప్పి లేకుండా ఉండి, మరునాడు జ్వరం, కడుపు ఉబ్బరం, వాంతులతో బయటపడవచ్చు. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరలో శస్త్రచికిత్స వసతి ఉన్న ఆసుపత్రికి వెళ్ళి ఆ చారను డాక్టరుకు మీరే చూపించండి. పరీక్షలు అయ్యేదాకా ఏమీ తినవద్దు, తాగవద్దు. ఆ రోజు మనిషిని ఆపిన బెల్టును కూడా విప్పించి, కొత్తది వేయించిన తర్వాతే బండి మళ్ళీ రోడ్డు మీదకు తీయండి.